డబ్బా కొనేముందు కంచం లెక్క: బరువు తగ్గాలనుకునే ఆడవాళ్లకు ప్రోటీన్ పౌడర్ గైడ్

నేను మొదటిసారి ప్రోటీన్ పౌడర్ కొన్నది బరువు తగ్గడానికే. నెల తిరిగేసరికి రెండు కిలోలు పెరిగాను. జిమ్ పక్కన షాపతను "మేడమ్, ఇది బాగా పోతోంది" అంటూ చేతిలో పెట్టిన మూడు కిలోల డబ్బా అది. దాని మీద ప్రోటీన్ అన్న మాట అరచేయంత ఉంది. మాస్ గెయినర్ అన్న మాట మాత్రం కింద చిన్న అక్షరాల్లో ఉంది. బక్కగా ఉన్న కుర్రాళ్లు లావెక్కడానికి తాగే సరుకన్నమాట. అందులో సగానికి పైగా పిండిపదార్థమే. నేనేమో రోజూ రెండు పూటలా పాలల్లో కలుపుకుని, ఇడ్లీలు ఎప్పటిలాగే తిని, ఒళ్లు ఎందుకు తగ్గడం లేదా అని టెన్షన్ పడ్డాను.

తర్వాత ఏడాదిన్నరలో 74 కిలోల నుంచి 65కి వచ్చాను. అందులో పౌడర్ వాటా వారంలో నాలుగైదు రోజులు, రోజుకొక స్కూపు. మిగతా పనంతా వంటింట్లోనే జరిగింది. అందుకే ఈ గైడ్‌లో డబ్బా దగ్గరికి రావడానికి కాస్త టైం పడుతుంది.

పౌడర్ ఏం చేస్తుంది, ఏం చేయదు

కొవ్వును కరిగించే గుణం ఏ ప్రోటీన్ పౌడర్‌కూ లేదు. గ్రాము ప్రోటీన్‌లో 4 క్యాలరీలు ఉంటాయి, అన్నంలోని పిండిపదార్థంలోనూ అంతే. ఒంటికి ఖర్చయ్యేదానికన్నా తక్కువ క్యాలరీలు తింటేనే బరువు దిగుతుంది. ఈ లెక్కకు ఏ డబ్బా కూడా మినహాయింపు కాదు.

మరి ప్రోటీన్ ఎందుకంటారా? నోరు కట్టుకుని తిండి తగ్గించినప్పుడు ఒంట్లోంచి పోయేది కొవ్వొక్కటే కాదు, కండ కూడా. తగినంత ప్రోటీన్, కాస్త వ్యాయామం లేకుండా తగ్గితే, పోయిన బరువులో సుమారు పావు వంతు కండే ఉండొచ్చు. నలభై దాటిన ఆడవాళ్లకు, ముఖ్యంగా నెలసరి ఆగిపోయే వయసులో, కండ ఎలాగూ మెల్లగా తరిగిపోతూ ఉంటుంది. దాని మీద డైటింగ్ తోడైతే మోకాళ్లు పట్టు తప్పుతాయి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. తర్వాత అంతే తిన్నా బరువు తొందరగా తిరిగొస్తుంది. ఇంకో రెండు లాభాలున్నాయి. ప్రోటీన్ తింటే ఆకలి ఆలస్యంగా వేస్తుంది. దాన్ని అరిగించుకోవడానికే అందులోని క్యాలరీల్లో 20 నుంచి 30 శాతం ఖర్చవుతాయి, పిండిపదార్థానికైతే 5 నుంచి 10 శాతమే.

మొదటి పని: మీకు ఎంత కావాలి

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్క ప్రకారం, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 55 కిలోల మహిళకు ఇది 46 గ్రాములు. బరువు తగ్గించుకునే రోజుల్లో కండ నిలవాలంటే అది చాలదు, కిలోకు 1.2 గ్రాముల దాకా వెళ్లడం మంచిది.

ఏ బరువుతో గుణించాలన్న దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. ఇప్పుడున్న బరువుతో కాదు, చేరాలనుకుంటున్న బరువుతో గుణించండి. నేను 74 ఉన్నప్పుడు 60ని లక్ష్యంగా పెట్టుకున్నాను: 60 × 1.2 = 72 గ్రాములు. ఇప్పటికీ 60 చేరలేదు, అది వేరే సంగతి.

కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు ఇక్కడే ఆగిపోండి. మీ అవసరం వేరు, ఇది మీకు బరువు తగ్గే సమయం కూడా కాదు. మీ డాక్టరమ్మ చెప్పిందే మీకు గైడ్.

రెండో పని: ఇప్పుడు మీ కంచంలో ఎంతుంది

ఒక కాగితం తీసుకుని నిన్న తిన్నదంతా రాయండి. ఆదివారం బిర్యానీ కాదు, మామూలు మంగళవారం. నా కాగితం ఇలా ఉండేది. పొద్దున కాఫీలో పాలు 3 గ్రాములు, మూడు ఇడ్లీలు 6, పల్లీ చట్నీ 3. మధ్యాహ్నం రెండు కప్పుల అన్నం 8, పప్పు 6, వేపుడు 2, పెరుగు 3. సాయంత్రం టీ, బిస్కెట్లు కలిపి 3. రాత్రి రెండు చపాతీలు 6, కూర 2, మజ్జిగ 2. అంతా కలిపితే 44.

పప్పు తిన్నాం కదా, 6 గ్రాములేనా అని నాకూ అనుమానం వచ్చింది. ఒకరోజు పప్పు కడగబోయేముందు తూచాను. మా ఇంట్లో నలుగురికి పెట్టేది ఒక టీ గ్లాసు కందిపప్పు, తూకంలో 120 గ్రాములు. కందిపప్పులో వందకు 22 గ్రాముల ప్రోటీన్, అంటే గిన్నె మొత్తానికి 26. దాన్ని నలుగురు పంచుకుంటే మనిషికి ఆరున్నర. అందులో నాలుగు టమాటాలు, రెండు గ్లాసుల నీళ్లు పడి గిన్నె నిండుగా కనిపిస్తుంది గానీ, లోపలున్న పప్పు ఆ టీ గ్లాసుడే. పప్పు తింటున్నామన్న ధీమా మన ఇళ్లలో ఇలాగే మోసం చేస్తుంది. ఉలవచారుదీ అదే కథ. చారులోకి దిగేది రుచి, ప్రోటీన్‌లో ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది. మా అమ్మమ్మ వాళ్లింట్లో ఆ గింజలు గేదెకు పెట్టేవాళ్లు.

ఇప్పుడు రెండో కాగితం, డైటింగ్ రోజుది. రెండు ఇడ్లీలు, కప్పు అన్నం, రాత్రి భోజనం మానేసి బొప్పాయి ముక్కలు. కాఫీ, టీ, పప్పు, మజ్జిగ అన్నీ కలిపినా 26 గ్రాములు. అన్నం, చపాతీ తగ్గిస్తే వాటిలో ఉన్న కాస్త ప్రోటీన్ కూడా పోతుంది మరి. డైటింగ్ మొదలెట్టిన రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు రావడానికి చాలామందిలో కారణం ఇదే. షాంపూ మార్చినంత మాత్రాన ఆగే రకం కాదు.

మూడో పని: లోటును ముందు వంటింట్లో పూడ్చండి

నాకు లోటు 28 గ్రాములు. దాన్ని పూడ్చేటప్పుడు ఒకటే సూత్రం పెట్టుకున్నాను: ఏదైనా కొత్తగా కంచంలోకి వస్తే, పాతది ఒకటి బయటికి పోవాలి.

గుడ్డు తినేవాళ్లకు సగం పని తేలిక. రెండు ఉడికించిన గుడ్లంటే 12 గ్రాముల ప్రోటీన్, సుమారు 150 క్యాలరీలు. మూడు ఇడ్లీల్లో ఒకటి తీసేసి ఆ చోట ఇవి పెట్టండి. పచ్చసొన తీసేయాల్సిన అవసరం చాలామందికి లేదు, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగండి. మాంసాహారులకు చర్మం తీసిన చికెన్, చేపలు వందకు 20 గ్రాముల పైచిలుకు ఇస్తాయి. నూనెలో తేలే ఫ్రై కాకుండా పులుసుగానో ఇగురుగానో చేసుకుంటే చాలు.

గుడ్డు ముట్టనివాళ్లకు పెసరట్టు ఉంది. 60 గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బితే రెండట్లకు 14 గ్రాములు. ఇడ్లీ పిండిలో బియ్యం రవ్వే ఎక్కువ, పెసరట్టులో దాదాపు అంతా పప్పే. లోపల ఉప్మా పెట్టకండి, అక్కడే లెక్క చెడుతుంది. పప్పు గిన్నెలో టీ గ్లాసు బదులు రెండు గ్లాసులు పోయండి, అన్నం ఒక గరిటె తగ్గించండి. ఒక్క ఈ మార్పుతోనే మనిషికి ఆరు గ్రాములు అదనం. మా అత్తయ్యగారు "పప్పు గట్టిగా ఉందేంటమ్మా" అని వారం రోజులు అన్నారు, ఎనిమిదో రోజు అలవాటైపోయింది.

సాయంత్రం బిస్కెట్ల చోట పుట్నాల పప్పు 30 గ్రాములంటే ఆరు గ్రాములకు పైనే. రాయలసీమలో ఉగ్గాని మీద పుట్నాల పొడి చల్లుతారు కదా, ఆ పొడిని నేను కూరల మీద, పెరుగులో కూడా వేసుకుంటాను.

వీటన్నిటిలో లెక్కకు గట్టిది మీల్‌మేకర్. వందకు 52 గ్రాముల ప్రోటీన్, ఎండు తూకంలో. 25 గ్రాములు, అంటే ఒక గుప్పెడు, మరిగే నీళ్లలో పది నిమిషాలు నానేసి, చన్నీళ్లలో రెండుసార్లు కడిగి, గుప్పిట్లో గట్టిగా పిండాలి. ఆ పిండడంలోనే పచ్చి వాసన పోతుంది. చాలామంది ఒక్కసారి పిండి వదిలేసి, తర్వాత మీల్‌మేకర్ బాగోదంటారు. అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి వేసి వేయిస్తే 13 గ్రాములు రాత్రి కంచంలోకి వచ్చినట్టే.

రెండు చోట్ల జాగ్రత్త. పల్లీల్లో వందకు 25 గ్రాముల ప్రోటీన్ ఉన్నా, 560 క్యాలరీలకు పైనే ఉన్నాయి. చిన్న గుప్పెడు దాటితే బరువు తగ్గే పని కాదది. రాగి జావ మంచిదే, కాల్షియం దండిగా ఉంటుంది, కానీ రాగుల్లో ప్రోటీన్ వందకు 7 గ్రాములే. ఒక గ్లాసు జావలో పడే రెండు చెంచాల పిండితో ఏమంత కలిసిరాదు.

నా లెక్క: రెండు గుడ్లు, చిక్కటి పప్పు, పుట్నాలు, మీల్‌మేకర్ కలిపితే 37. ఇడ్లీ, అన్నం, బిస్కెట్లు తగ్గించడం వల్ల ఓ పది పోయినా, దాదాపు 28 నిలిచాయి. డబ్బా తెరవకుండానే.

నాలుగో పని: అయినా పౌడర్ కావాలా?

జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు, ఒళ్లు పెంచుకోవడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దనే చెప్పాయి. ఇంట్లో లోటు పూడిన ఆరోగ్యవంతులకు నేనూ అదే చెబుతాను. కానీ కొందరికి పౌడర్ నిజంగా పనికొస్తుంది. గుడ్డు, సోయా రెండూ పడనివాళ్లకు. పొద్దున ఏడింటికే బస్సెక్కి సాయంత్రం దాకా క్యాంటీన్ పులిహోర మీద బతికేవాళ్లకు. అరవై దాటి నాలుగు ముద్దలకే చాలనిపించేవాళ్లకు. బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడుతున్నవాళ్లకు కూడా ఆకలి చచ్చిపోయి ప్రోటీన్ బాగా పడిపోతుంది. వాళ్లు మందు రాసిన డాక్టర్‌నే అడిగి మొదలెట్టాలి.

మొదలుపెట్టేముందు కిడ్నీ పనితీరు చెప్పే ఒక రక్త పరీక్ష చేయించుకోండి: క్రియాటినిన్. షుగర్, బీపీ ఎన్నో ఏళ్లుగా ఉన్నవాళ్లకు కిడ్నీ నీరసించినా పైకి తెలియదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఎక్కువ ప్రోటీన్ చేటు చేస్తుంది.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు (మనలో ఎంతమందో!) పరగడుపున మాత్ర వేసుకుని, వెంటనే షేక్ తాగకండి. సోయా, కాల్షియం రెండూ ఆ మందును ఒంటికి పట్టనివ్వవు. పౌడర్‌ను సాయంత్రానికి జరపండి, నాలుగు గంటల ఎడం ఉంటే మంచిది. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లు కూడా పాలతోనూ, పాల పౌడర్‌తోనూ కలిపి వేసుకోవద్దు.

ఐదో పని: లేబుల్ చదవడం

వే ప్రోటీన్ అంటే భయపడేదేమీ కాదు. పాలు విరిగినప్పుడు పైన తేరే నీళ్లుంటాయి కదా, అదే వే. చీజ్ ఫ్యాక్టరీల్లో మిగిలే ఆ నీటిని వడకట్టి, ఆరబెట్టి పొడి చేస్తారు. అయితే ఇంట్లో పన్నీరు చేసిన నీళ్లు తాగితే సరిపోతుందని కొందరంటారు, ఆ నీళ్లలో వంద మిల్లీలీటర్లకు ఒక గ్రాము ప్రోటీన్ కూడా ఉండదు. చపాతీ పిండి కలపడానికి వాడుకోండి.

వే పౌడర్లలో మామూలు రకమైన కాన్సన్‌ట్రేట్‌లో 70–80 శాతం ప్రోటీన్, కాస్త లాక్టోజ్ (పాలలోని చక్కెర) ఉంటాయి. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చేవాళ్లు ఆ లాక్టోజ్‌ను దాదాపుగా తీసేసిన ఐసోలేట్ రకం తీసుకోవాలి, ధర ఎక్కువ. పాలే పడనివాళ్లకు బఠాణీ, బియ్యం కలిపిన పౌడర్లున్నాయి. ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో తయారవుతుంది. వాటిలో బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పుజాతి గింజలో దొరుకుతుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో దొరుకుతుంది. పప్పన్నం సూత్రమే.

షాపులో నిలబడి చేయగలిగిన లెక్క ఒకటి చెబుతాను. ఒక స్కూపులోని ప్రోటీన్ గ్రాములను పదితో గుణించండి. ఆ అంకె స్కూపు క్యాలరీల కన్నా బాగా ఎక్కువుండాలి. 24 గ్రాముల ప్రోటీన్, 120 క్యాలరీలు అంటే 240కి 120, భేషుగ్గా ఉంది. గులాబీ రంగు డబ్బా మీద "మహిళల కోసం ప్రత్యేకం" అని రాసి, లోపల 10 గ్రాముల ప్రోటీన్, 115 క్యాలరీలు ఉంటే 100కి 115. అది తీపి కలిపిన పాలపొడికి దగ్గరి చుట్టం, దాన్ని షెల్ఫ్‌లోనే వదిలేయండి. ఆడవాళ్ల కండ, మగవాళ్ల కండ ఒకే ప్రోటీన్‌తో తయారవుతాయి. పౌడర్ తాగితే కండలు తిరిగి మగరాయుడిలా అయిపోతామన్న భయం కూడా వద్దు, అంత కండ రావడానికి ఏళ్ల తరబడి బరువులెత్తాలి.

తర్వాత పదార్థాల జాబితా. మొదట రాసిందే ఎక్కువ మోతాదులో ఉంటుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ (ఇదీ పిండిపదార్థమే), చక్కెర మొదటి మూడు పేర్లలో ఉంటే వద్దు. గ్లైసిన్, టారిన్ లాంటి అమైనో ఆమ్లాలు విడిగా కలిపితే అనుమానించండి. ల్యాబులో ప్రోటీన్‌ను సాధారణంగా నత్రజని ద్వారానే లెక్కిస్తారు కాబట్టి, చవకైన అమైనో ఆమ్లాలు కలిపి ఆ అంకె పెంచి చూపించే కిటుకు ఉంది.

లేబుల్ మొత్తాన్ని గుడ్డిగా నమ్మొద్దు కూడా. కేరళ కాలేయ వైద్యుడు సిరియాక్ ఆబీ ఫిలిప్స్ బృందం మన మార్కెట్లోని 36 పౌడర్లను పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించింది. దాదాపు 70 శాతం డబ్బాల్లో లేబుల్ చెప్పిన ప్రోటీన్‌కూ, లోపలున్నదానికీ పొంతన కుదరలేదు. 14 శాతంలో బూజు వల్ల వచ్చే అఫ్లటాక్సిన్ అనే విషం కనిపించింది. ఇక మూలికలు, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్, ఫ్యాట్ బర్నర్ లాంటివి కలిపిన డబ్బాల జోలికి అసలు పోకండి. పదార్థాల జాబితా ఎంత పొట్టిగా ఉంటే అంత నయం. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, సీలు చూడండి. బ్యాచ్‌వారీగా బయటి ల్యాబ్ రిపోర్టు పెట్టే కంపెనీ అయితే మంచిది. జిమ్ ట్రైనర్ విడిగా కవర్లో కట్టిచ్చే పౌడర్ ఎంత చవకైనా తీసుకోకండి.

ఆరో పని: కలుపుకోవడం

మొదటి రోజు నేను వే పౌడర్‌ను పొగలు కక్కే పాలల్లో వేసి చెంచాతో తిప్పాను. పాలు విరిగినట్టు తెల్లటి గడ్డలు కట్టి, చెంచాకు బంకలా అంటుకున్నాయి. వేడికి ప్రోటీన్ చెడిపోదు, తాగబుద్ధి కాదు అంతే. ముందు గ్లాసులో చల్లటి నీళ్లు, ఆ పైన పౌడర్, మూత పెట్టి గిలకొట్టడం. ఈ వరస తప్పితే అడుగున పిండి మిగిలిపోతుంది.

నీళ్లతో చప్పగా అనిపిస్తే, ఫ్లేవర్ లేని పౌడర్ కొని పల్చటి మజ్జిగలో ఉప్పు, జీలకర్ర పొడి, నలిపిన కరివేపాకుతో కలపండి. ఎండాకాలం మధ్యాహ్నం ఇది తాగితే షేక్ అనే అనిపించదు. అట్ల పిండిలో కలిపి చూశాను, రబ్బరులా సాగింది, వద్దు.

పాలు, అరటిపండు, తేనె, పీనట్ బటర్ కలిపి యూట్యూబ్‌లో చూపించే స్మూతీ ఉంది చూశారా, దాంట్లో 500 క్యాలరీలు దాటుతాయి. అది తాగి మళ్లీ భోజనం చేస్తే నా మాస్ గెయినర్ కథే.

మొదటి వారం సగం స్కూపే తీసుకోండి. కడుపుబ్బరం, మలబద్ధకం వస్తే నీళ్లు, ఆకుకూరలు పెంచి చూడండి, అప్పటికీ తగ్గకపోతే రకం మార్చండి. స్కూపును ఒకసారి వంటింటి తూకంలో పెట్టండి. నేను గోపురంలా నింపిన స్కూపు 41 గ్రాములు తూగింది, లేబుల్ మీద 30 అని ఉంది. చాకు వీపుతో పైభాగం గీసేశాక సరిపోయింది.

ఏడో పని: కండకు పని చెప్పడం

ఇది రాయకపోతే పైదంతా సగమే. నడక గుండెకు మంచిది, కండ నిలవడానికి అదొక్కటే చాలదు. వారానికి రెండు మూడుసార్లు కుర్చీలో కూర్చుని చేతుల ఆసరా లేకుండా పన్నెండుసార్లు లేవండి, గోడకు చేతులానించి పుషప్‌లు చేయండి, లీటరు నీళ్ల సీసాలు పైకెత్తండి. తేలికనిపించిన రోజున రెండు లీటర్ల సీసాలు పట్టుకోండి.

ఎనిమిదో పని: తూకం, టేపు

వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున పరగడుపున తూచుకోండి. నెలసరికి ముందు ఒంట్లో నీరు చేరి కిలో, ఒక్కోసారి రెండు కిలోలు పెరిగినట్టు చూపిస్తుంది. ఆ వారం అంకెను పోయిన నెల అదే వారం అంకెతో పోల్చండి. నడుముకు టేపు కూడా పెట్టండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే షుగర్, గుండె జబ్బుల ముప్పు మొదలైనట్టే లెక్క. తూకం కదలకుండా మూడు వారాలు మొండికేసినప్పుడు, పాత జాకెట్టు హుక్కు పట్టడమే నాకు ధైర్యం ఇచ్చింది. వారానికి అరకిలో తగ్గితే బాగా తగ్గుతున్నట్టే. అంతకన్నా వేగంగా పడిపోతూ నీరసం, జుట్టు రాలడం ఉంటే తిండి మరీ తగ్గించేశారన్నమాట. కాళ్ల వాపు, మూత్రంలో నురగ, కళ్లు పచ్చబడటం కనిపిస్తే పౌడర్ ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

డబ్బాను పొయ్యికి దూరంగా, పొడిగా ఉన్నచోట పెట్టండి. వానాకాలంలో తడి చెంచా ఒక్కసారి పడినా ముద్దకట్టి పురుగు పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి పెడుతుంటే తేమ చేరుతుంది, అక్కడా వద్దు. డబ్బా అయిపోయాక స్కూపు పారేయకండి. నాదిప్పుడు పుట్నాల పొడి సీసాలో ఉంది. గీసిన స్కూపు నిండా వేస్తే ఆరు గ్రాముల ప్రోటీన్, పొడిని తూచి లెక్క చూశాను.